ఎవరి నోరు వాళ్లదే

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఏడో తరగతి గదిలో తెలిసింది. బోర్డు మీద సంధులు రాస్తున్నాను. బడి వేళలో ఎప్పుడూ ఫోన్ చెయ్యని మా నాన్న చేశాడు. "అమ్మీ, అప్ప ఎల్లిపోనాదే" అన్నాడు. పొద్దున్నే టీ తాగిందట. గ్లాసు కింద పెట్టి, "సక్కిరి ఎక్కువేసినావురా తమ్ముడా" అందట. మళ్లీ పలకలేదట. మా నాన్న, "ఏడుద్దామంటే రాటం నేదే. అప్ప ఎదురుగా కూసోని నా ఏడుపుకి వంకలెడతన్నట్టున్నాది" అన్నాడు. చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడి నవ్వాను. నవ్వు ఎక్కడ ఆగిందో తెలీదు, ఏడుస్తున్నాను. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నన్నే చూస్తున్నారు.

తోడబుట్టింది పోతే ఇదేం మాటని మీరు అనుకోవచ్చు. కానీ మా అత్త వృత్తే ఏడుపు. మద్రాసులో కొన్నాళ్లు, హైదరాబాదులో చాలా ఏళ్లు సినిమాల్లో ఏడ్చింది. హీరోకి తల్లిగా, హీరోయిన్‌కి పిన్నిగా, విలన్ తగలబెట్టిన గుడిసె ముందు గుండెలు బాదుకునే ఆడమనిషిగా ఏడ్చింది. గ్లిసరిన్ చుక్క అక్కర్లేదని ఆమెకు పేరు. ఇంటికొచ్చిందంటే మాత్రం నవ్వించి చంపేది.

మర్నాడు పేపరు లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త వేశారు. కన్నీటి పాత్రలకు పెట్టింది పేరని రాసి, ఏదో సినిమాలో కొంగు నోట్లో కుక్కుకున్న బొమ్మ పెట్టారు. ఆమె ఒక సినిమా తీసిందన్న మాట చివరి వాక్యంలో, వచ్చీ రానట్టు వచ్చింది. మా నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, "అప్ప నవ్వుతన్న ఫొటో ఒక్కటీ దొరకనేదేటి ఈళ్లకి?" అని పేపరు మడిచి అవతల పడేశాడు. నాకూ ఒళ్లు మండింది. ఆ బొమ్మలో ఉన్నది మా అత్త చేసిన ఉద్యోగం, మా అత్త కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది గజపతినగరం. మా వీధి చివర బాప్టిస్టు చర్చి. మా అత్త మొదటిసారి వేషం కట్టింది అక్కడే, క్రిస్మస్ నాటకంలో దేవదూతగా. గొర్రెల కాపరుల ముందుకొచ్చి "భయపడకుడి" అనాలి, అంతే. కానీ ఆమె గొంతు సామాన్యమైనదా? సంతలో ఈ చివర అరిస్తే ఆ చివర తూకం ఆగేది. ఆ గొంతుతో "భయపడకుడి" అనేసరికి ఒక గొర్రెల కాపరి జడిసిపోయి, వేదిక దిగి, అమ్మ ఒళ్లోకి పరిగెత్తాడు. ఆ కాపరి మా నాన్నే. ఈ సంగతి ప్రతి క్రిస్మస్‌కీ ఆమె చెప్పేది, ప్రతిసారీ మా నాన్న "నాను పరిగెట్టనేదు, నడిసినాను" అనేవాడు.

ఆ గొంతే ఆమెను విజయనగరం నాటక పోటీలకు తీసుకెళ్లింది. అక్కడ ఎవరో చూసి మద్రాసు పిలిచారు. తాతయ్య ససేమిరా అన్నాడు. మా నానమ్మ మాత్రం, "దాని నోరు ఈ ఊరికి సరిపోటం నేదు, ఎల్లనీ" అందట. అలా వెళ్లిన మనిషికి అక్కడ విచిత్రమైన అనుభవం ఎదురైంది. వాళ్లకు ఆమె మొహం కావాలి, కళ్లు కావాలి, కన్నీళ్లు కావాలి. మాట మాత్రం అక్కర్లేదు. ఆమె డైలాగు చెప్పి, ఏడ్చి, ఇంటికి వెళ్లిపోయాక, ఇంకెవరో వచ్చి ఆమె పెదవులకు మాటలు అతికించేవారు. మా వైపు మాట సినిమాలో వినిపించేది నవ్వించడానికే, పనిమనిషి నోటనో పల్లెటూరి పిచ్చివాడి నోటనో. ఆఖరికి ఆ యాస కూడా ఆమె చేత పలికించలేదు. ఎవరో వెక్కిరించినట్టు పలికేవారు.

ఆమె మొదటి సినిమా మా ఊరి హాలుకు వచ్చినప్పుడు వీధి వీధంతా కదిలి వెళ్లిందట. మా నానమ్మ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర మీద కూతురు కనబడగానే అందరూ ఈలలు వేశారు. కూతురు నోరు తెరిచింది. సన్నగా, తీగలాగా, ఎవరిదో గొంతు. మా నానమ్మ ఒక్క నిమిషం విని లేచి నిలబడింది. "ఇది నా పిల్ల కాదు. దీని నోట్లో ఎవుర్తో కూసున్నాది" అని హాలంతా వినబడేట్టు చెప్పి, చీర దులుపుకుని బయటికి నడిచింది. మళ్లీ జన్మలో కూతురి సినిమా చూడలేదు. అత్త ఈ కథ కూడా నవ్వుతూనే చెప్పేది. ఆమె తనను తాను వెక్కిరించుకుంటూ చెబితే పొట్ట చెక్కలయ్యేది. కానీ "ఎవుర్తో కూసున్నాది" అన్న దగ్గర మాత్రం ప్రతిసారీ ఒక క్షణం ఆగేది.

హైదరాబాదు నుంచి ఆమె తిరిగి వచ్చేసింది రెండు పెట్టెలతో, ఒక మడత కుర్చీతో. షూటింగుల్లో ఆమెకంటూ ఉన్న ఆస్తి ఆ కుర్చీ ఒక్కటేనట. ఎక్కడికెళ్లినా దాన్ని చంకన పెట్టుకునేది. సంతకెళ్లి, కూరల గుట్టల పక్కన కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని జనం మాటలు వింటూ కూర్చునేది. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేది. టీ ఎవరు చేసినా చక్కెర ఎక్కువైందనేది. చక్కెర వెయ్యకుండా ఇచ్చినా అదే మాట.

ఊళ్లో ఎవరైనా పోతే జనం ఆమె కోసం ఎదురుచూసేవారు. సినిమాల్లో అంత బాగా ఏడ్చే మనిషి, ఇక్కడెంత బాగా ఏడుస్తుందో అని. ఆమె వెళ్లి, వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తూ తిరిగేది. కూరలమ్మే గౌరమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. "ఓలప్పా, సినిమాల్లో కుండలు కుండలు కారుస్తావు, ఇక్కడ సుక్క రాదేటే?"

"డబ్బులిస్తేనే ఏడుస్తానే గౌరీ" అంది అత్త. చావింట్లో నవ్వకూడదు కాబట్టి గౌరమ్మ గోడ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. దూరంనుంచి చూసినవాళ్లు పాపం ఎంత ఏడుస్తోందో అనుకున్నారు.

అలాంటి మనిషి ఓ ఆదివారం చర్చి అయ్యాక, అన్నాల దగ్గర, "సినిమా తీస్తాను" అంది. మా నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. హైదరాబాదు ఫ్లాటు అప్పటికే అమ్మేసిందట.

"అప్పా, ఈ వయసులో నీకెందుకే?" అన్నాడు.

"ఈ వయసులో కాకపోతే పెట్టెలో పడుకున్నాక తీస్తానేటిరా? అందులో నా వోళ్లు మాటాడాల. నాలాగే మాటాడాల. అమ్మ లేచి ఎల్లిపోనేని సినిమా ఒక్కటి తీసి, అప్పుడు సస్తాను."

ఆ మాటతో మా నాన్న ఆగిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె నా వైపు తిరిగి, "కోడలా, నువ్వే హీరోయిన్‌వి. రేపట్నుంచి ఆటో నేర్సుకో" అంది. నేను అన్నం పొలమారి చచ్చేదాన్ని.

కథ చిన్నదే. ఒక ఇంట్లో అత్తాకోడళ్లు. ఎప్పుడో ఏదో మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏం చెప్పాలన్నా పిల్లితోనో, గోడతోనో, వీధిన పోయేవాళ్లతోనో చెబుతారు. కోడలు ఆటో నడుపుతుంది. ముసలావిడ రామతీర్థం కొండ చూడాలంటుంది, పిల్లితో. సరే తీసుకెళ్తానంటుంది కోడలు, గోడతో. ఆ ప్రయాణమే సినిమా. పేరు 'బేగొచ్చీయే', అంటే త్వరగా వచ్చెయ్యవే అని. అత్త వేషానికి గౌరమ్మ, కోడలి వేషానికి నేను. కెమెరా పట్టడానికి పెళ్లి వీడియోలు తీసే పైడిరాజు. మాటలు అక్కడికక్కడే రికార్డు చెయ్యాలని వెదురుకర్రకి మైకు కట్టించింది. "డబ్బింగ్ గిబ్బింగ్ నేదు. ఎవులి నోరు ఆళ్లదే" అంది. మా సినిమాకి రాసుకున్న రాజ్యాంగం అదొక్కటే.

తీరా మొదలెట్టాక అసలు తమాషా బయటపడింది. కెమెరా కన్ను తమ వైపు తిరిగిందో లేదో మా వాళ్లందరికీ సినిమా భాష వచ్చేసేది. పొద్దున్నించి "ఓలమ్మా, బీరకాయలు బేగి తీసుకోండే, ఎండెక్కిపోతన్నాది" అని అరిచే గౌరమ్మ, పైడిరాజు కెమెరా భుజానికెత్తుకోగానే చేతులు కట్టుకుని, మెడ వాల్చి, "నాయనా, వచ్చితివా" అనేది. టీకొట్టు అప్పలనాయుడిని టీ పోస్తూ ఒక్క మాట అనమంటే, తొడ కొట్టాడు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగు పంతులమ్మని. పిల్లితో, "అత్తయ్యగారు భోజనం చేశారా?" అన్నాను.

మా అత్త కుర్చీలోంచి లేచింది. "ఎవుర్తే ఈ అత్తయ్య? ఏ రైలు దిగినాది? మీ అమ్మ మీద రోజూ కయ్యిమని లేస్తావు కదా, అలగ సెప్పవే!"

"బడిలో పిల్లలు వింటే ఏమనుకుంటారత్తా?" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉండేది. పిల్లలు 'సెప్పాను' అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషిని, అందరి ముందూ అదే మాట ఎలా అనను? ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నాకూ ఒకప్పుడు సిగ్గేసింది. అందుకే ఊరుకున్నాను. సూడు, ఊరుకుని ఊరుకుని ముసిల్దాన్నయిపోనాను" అంది.

పైడిరాజుదింకో రోగం. పెళ్లిళ్లలో చుట్టాలందరూ వీడియోలో పడాలి, లేకపోతే అలుగుతారు. ఆ అలవాటు కొద్దీ, నేనూ గౌరమ్మా డైలాగులు చెబుతుంటే కెమెరాని మెల్లగా తిప్పి, చూడ్డానికి వచ్చిన జనం మొహాలన్నీ వరసగా తీసుకొచ్చేవాడు. గౌరమ్మ మెడలో గొలుసు దగ్గరికి వెళ్లి కాసేపు ఆగేవాడు. "ఇది పెళ్లి కాదురా నాయనా" అని అత్త నెత్తి కొట్టుకునేది. "మేడం, ఆళ్లు బాధపడతారండి" అనేవాడు.

ఆమె ఉపాయాలు ఆమెకున్నాయి. 'యాక్షన్' అన్న మాట నిషేధించింది. "టీ తాగి మొదలెడదాం, ఊరికే ఓసారి అనుకోండే" అనేది. మేం ఊరికే అనుకుంటుంటే, పైడిరాజు టీ తాగుతున్నట్టు నటిస్తూ తీసేసేవాడు. సగం సినిమా అలా టీలోనే నడిచింది. ఇక నాటకాల రోజుల అలవాటు ఒకటి ఆమెను వదల్లేదు. స్టేజీ పక్కన తెర వెనక నిలబడి మాట అందించేవాళ్లుంటారు కదా, అలాగే ఆమె కెమెరా పక్కన కుర్చీలో కూర్చుని అందరి డైలాగులూ పెదవులతో అంటూ ఉండేది. మర్చిపోతే అందించేది. మాటలు రికార్డు అవుతుంటే గప్‌చుప్‌గా ఉండాలని ఆమే అందరికీ చెప్పేది, ఆమే మర్చిపోయేది.

నేను ఆటో నేర్చుకున్న వైనం విడిగా రాయాలి. మా బడి మైదానం చాల్లేదు, అవతల వరిమడిలోకి కూడా వెళ్లాను. రైతు వచ్చి తిట్టబోయి, సినిమా అని తెలిసి, ఇంకో మడి చూపించాడు.

మిగిలింది చివరి సీను. రామతీర్థం కొండ కింద ఆటో ఆగుతుంది. ముసలావిడ దిగదు. కోడలు అన్నం క్యారేజీ పట్టుకుని, ఏళ్ల తర్వాత మొదటిసారి, పిల్లితో కాదు, గోడతో కాదు, నేరుగా ఆమెతోనే ఒక మాట అనాలి. "తిన్నావేటే అత్తా?" ఇంతే డైలాగు. ఇంత చిన్న మాట నా నోట రావడం లేదు. ఒకసారి "తిన్నారా" అన్నాను. ఒకసారి గౌరమ్మ "తినెదను" అంది. ఎండ వాలిపోతోంది. మర్నాటి నుంచి పైడిరాజుకి లగ్గాలు, మళ్లీ చేతికి దొరకడు. గౌరమ్మ "నాకు నడుం లాగేస్తన్నాదర్రా" అంటోంది. మా అత్త అరవలేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. పొద్దున్నించి టీ కూడా తాగలేదు. "ఇంకొక్కసారి సేద్దాం. రాకపోతే మానీద్దాం" అంది మెల్లగా.

క్యారేజీ పట్టుకుని గౌరమ్మ ముందు నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది. నా బుర్రలో ఒక్క అక్షరం లేదు. గాలి తప్ప చప్పుడు లేదు. మానేస్తుంది, ఈ సినిమా ఇక లేదు, ఇదంతా నా వల్లే అనుకుంటున్నాను. అప్పుడు వెనక నుంచి, కెమెరా పక్క కుర్చీలోంచి, మా అత్త గొంతు వచ్చింది. సంతలో తూకాలు ఆపే గొంతు కాదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యేసి మాట్లాడే గొంతు. "సెప్పవే. నానున్నాను, సెప్పు."

తలతిప్పి ఆమె వైపు చూశాను. చూసి, మళ్లీ గౌరమ్మ వైపు తిరిగి, "తిన్నావేటే అత్తా?" అన్నాను. ఎలా వచ్చిందో నాకు తెలీదు. మా అమ్మ అన్నట్టు వచ్చింది. గౌరమ్మ క్యారేజీ వైపు చూసింది. రాసిన డైలాగు ఆమెకూ గుర్తులేదు. "నేదే. నువ్వెట్టనేదు కదేటి" అంది. నేను నవ్వాను, ఆమె నవ్వింది, ఇద్దరం ఏడ్చాం. పైడిరాజు ఒక్కసారి కూడా జనం మీదికి కెమెరా తిప్పలేదు.

ఎడిటింగుకు కూర్చున్నాక, ఆ సీను చూసి ఆ పని చేసే కుర్రాళ్లు తలలు పట్టుకున్నారు. కథ ప్రకారం అక్కడ ఇద్దరే ఉన్నారు. మూడో గొంతు ఎక్కడిది? పైగా నేను తలతిప్పి సూటిగా కెమెరాలోకే చూశాను. ఆ ముక్క కోసేస్తే అటూ ఇటూ అతకడం లేదు. మా అత్త మొహం పాలిపోయింది. "నా గొంతు తీసీండి బాబూ, ఎలాగోలాగ తీసీండి. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదాన్ని, మూసుకోవలసిన కాడ తెరిసినాను" అంది.

వెనక బల్ల మీద కూర్చున్న మా నాన్న ముందుకు వంగాడు. "ఉంచీయే అప్పా" అన్నాడు. "అమ్మ ఉండుంటే, ఆ మాటకి కూసుండిపోయేది."

అత్త తెర వైపు తిరిగింది. మొహం మీద నటన అనేదే లేదు. తర్వాత "టీ ఉందేటి?" అంది. టీ తెచ్చారు. తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి, "సరే, ఉంచీండి" అంది. అన్ని సినిమాల్లో చేసిన మనిషి సొంత గొంతు ఆ ఒక్క చోటే ఉంది. అదీ పొరపాటున.

సినిమా పట్టుకుని విశాఖపట్నం వెళ్లాం. ఒక పెద్ద పంపిణీదారు చూస్తానన్నాడు. చూశాడు. గట్టిగా నవ్వాడు. చివర్లో చేతిరుమాలు తీశాడు. లైట్లు వేశాక రెండు చేతులూ జోడించి, "అమ్మా, అద్భుతం. నేను తీసుకుంటాను. ఒక్కటే చిన్న మార్పు. మంచి తెలుగులో డబ్బింగ్ చెప్పిద్దాం. అందరికీ అర్థమవ్వాలి కదా" అన్నాడు. మర్యాదగల మనిషే. చెడ్డ ఉద్దేశంతో అనలేదు.

మా అత్త ఆయన్ని అడిగింది. "బాబూ, ఎక్కడ ఏడిసినారు?"

"అక్కడేనమ్మా, ఆ క్యారేజీ దగ్గర."

"అర్దం కాకండానే ఏడిసినారేటి?"

ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈమె కుర్చీ చంకన పెట్టుకుంది. "నా నోట్లో ఒకర్తి కూసున్నాది, సాలు. ఈళ్లందరి నోట్లోనీ నాను కూసోబెట్టలేను బాబూ" అని లేచి వచ్చేసింది. ఒప్పుకుంటే ఆ సినిమా ఎన్ని ఊళ్లలో ఆడేదో, పోయిన ఫ్లాటు ఎంత తిరిగొచ్చేదో మా అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. విజయనగరం బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. డబ్బులివ్వకుండా ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చాలా మామూలుగా ఏడ్చింది. సినిమాలో అయితే అసలు తీసుకోరు.

భోగాపురం దాటాక ముక్కు చీది, "కోడలా, పైడిరాజు కాడ ప్రొజెక్టరున్నాదా?" అంది.

ఉంది. పెళ్లిళ్లలో తెర మీద వేసేది. మా ఊరి పాత హాల్లో వారం రోజులు పొద్దుటి ఆట వేసుకున్నాం. తర్వాత ప్రొజెక్టరూ, తెల్లదుప్పటీ, మడత కుర్చీ సినిమాలో నేను నడిపిన ఆటోలోనే ఎక్కించుకుని ఊళ్లు తిరిగాం. ఆదివారాలూ సెలవులూ అదే పని. అరసవల్లిలో ఒక లాడ్జీ ఆయన తన గోడ ఇచ్చాడు. ఆ గోడకి సున్నం కూడా వేయించాడు. "ఆదివారం పొద్దుట మాకు చర్చి, మీకు గుడి. సాయంత్రం అందరికీ సినిమా" అంది మా అత్త మైకులో, గుడికొచ్చి తిరుగుబస్సు కోసం చూస్తున్న జనంతో. చాలామంది బస్సు వదిలేసుకున్నారు. ఒకావిడ వచ్చి ఆమె చేతులు పట్టుకుని, "మావోళ్లే అగుపించినారమ్మా తెర మీద" అని, ఇంకేం చెప్పాలో తెలీక, ప్రసాదం పొట్లం చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అత్త ఆ పొట్లం విప్పి మా అందరికీ పంచింది.

రెండోసారి, మూడోసారి చూసేవాళ్లు ఎక్కువయ్యారు. చూసినవాళ్లు ఊరుకుంటారా? డైలాగులు ముందే అనేసేవారు. ముఖ్యంగా ఆ చివరి సీను దగ్గర. తెర మీద నేను బిక్కచచ్చి నిలబడగానే జనం జనమంతా ఒక్క గొంతుతో, "సెప్పవే! నానున్నాను, సెప్పు!" అని అరిచేవారు. ఆ గోలలో మా అత్త అసలు గొంతు ఎవరికీ వినబడేది కాదు. ప్రొజెక్టరు వెనక కుర్చీలో కూర్చుని ఆమె పగలబడి నవ్వేది. "సూసినావా కోడలా, ఇన్నేళ్లకి నా గొంతు సినిమాలో పెట్టుకున్నాను, ఒక్క సచ్చినోడూ విననీడు" అనేది. అంతకంటే సంతోషంగా ఆమెను నేను చూడలేదు. ఆ మాట మా ఊళ్లో వాడుకైపోయింది. నా తరగతిలో ఎవరైనా పద్యం మధ్యలో మర్చిపోతే వెనక బెంచీలు "నానున్నాను, సెప్పు" అంటాయి. నేనిప్పుడు 'సెప్పు' కింద ఎర్రగీత గియ్యను. పక్కన 'చెప్పు' అని కూడా రాసి, రెండూ మనవేనని చెబుతాను. ఇది ఆమె ఇచ్చిన చదువే.

ఆమెను మట్టి చేసిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడాం. అందరూ అణుచుకుని, పద్ధతిగా నిలబడ్డారు. గౌరమ్మ మాత్రం వల్లకాడు అదిరిపోయేట్టు ఏడ్చింది. "ఓలప్పా, నన్నొక్కర్తినీ ఒగ్గీసి ఎల్లిపోనావేటే, మనం రెండో సినిమా తీద్దామన్నావు కదే!" రెండో సినిమా సంగతి మా ఎవరికీ తెలీదు. మా నాన్న నా చెవిలో, "ఈ ఏడుపుకి అప్ప వంకలెట్టదే" అన్నాడు. అని, అప్పుడు ఏడ్చాడు.

జ్ఞాపకార్థ కూడిక నాడు, భోజనాలయ్యాక, చీకటి పడుతుండగా, పైడిరాజు చర్చి ఆవరణలో దుప్పటి కట్టాడు. ఎవరూ చెప్పలేదు, అతనికే తోచింది. గజపతినగరం సగం అక్కడే ఉంది. చుట్టుపక్కల ఊళ్లనుంచి కూడా వచ్చారు. మొదట్లో కాస్త బిడియపడ్డారు కానీ, అప్పలనాయుడు టీ పోసే సీను దగ్గరికొచ్చేసరికి ఎప్పటిలాగే నవ్వులు, ఎప్పటిలాగే డైలాగులు ముందే అనెయ్యడాలు. గౌరమ్మ తెర మీది గౌరమ్మని చూసి "ఓలమ్మో, ఎంత పొగరే దీనికి" అంది. అత్త బతికుండగా ఎలా చూశారో అలాగే చూశారు. నాకు హాయిగా ఉంది.

ఆటో రామతీర్థం చేరింది. కొండ కనిపించింది. నేను క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను. నా మాట ఆగిపోయింది. ఇక జనం అరుస్తారని చూస్తున్నాను.

ఎవరూ అరవలేదు. అంతమందిలో ఒక్కరూ, చంటిపిల్లలు కూడా, నోరు మెదపలేదు. గాలికి దుప్పటి కొంచెం కదిలింది.

"సెప్పవే. నానున్నాను, సెప్పు."

ఒక్క ఆమె గొంతే. మొదటిసారి అందరం విన్నాం. తెర మీద నేను తలతిప్పి, ఆమె కోసం, మా అందరి వైపూ చూశాను.